పన్నెండు వేల జనాభా ఉన్న ఊరు యూరోపా లీగ్ దాకా ఎలా వెళ్ళింది: సెర్బియా క్లబ్ టిఎస్‌సి, దాని వెనకున్న డబ్బు

2023 సెప్టెంబర్ 21న లండన్ స్టేడియంలో యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల రెండో స్థాయి టోర్నీ) మ్యాచ్‌లో సెకండాఫ్ మొదలైన రెండు నిమిషాలకే ఇంగ్లండ్ క్లబ్ వెస్ట్‌హామ్ ఒక గోల్ ఇచ్చేసి 0-1తో వెనకబడింది. అప్పటికి కొన్ని నెలల ముందే యూరప్‌లో మూడో స్థాయి టోర్నీ కాన్ఫరెన్స్ లీగ్ కప్పు ఎత్తిన టీమ్ అది, స్టేడియంలో సీట్లు 62 వేల పైమాటే. ఎదురుగా ఆడుతున్నది టిఎస్‌సి, అంటే సెర్బియాకి ఉత్తరాన బాచ్కా తోపోలా అనే ఊరి టీమ్, ఆ ఊళ్ళో పసిపిల్లలతో సహా అందర్నీ తీసుకొచ్చి కూర్చోబెట్టినా ఆ సీట్లలో పావు వంతు కూడా నిండవు. వెస్ట్‌హామ్ తేరుకుని 3-1తో గెలిచేసింది కాబట్టి సంచలనమేం జరగలేదు, కానీ ఆ పేరు మొదటిసారి విన్నవాళ్ళకి మాత్రం డౌట్ మిగిలిపోయింది. సెర్బియా అంటే రాజధాని బెల్‌గ్రేడ్ క్లబ్బులు రెడ్‌స్టార్, పార్టిజాన్ తప్ప ఇంకోటి తెలీదు కదా, మన దగ్గర మండల కేంద్రం అంత ఉండే ఈ ఊరు ఎక్కడి నుంచి ఊడిపడింది?

క్లుప్తంగా చెప్పాలంటే: టిఎస్‌సి 1913లో ఆస్ట్రియా-హంగరీ రాజ్యంలో పుట్టిన క్లబ్, నూరేళ్ళ పైన టాప్ డివిజన్ మొహం చూడలేదు. మొదట ఊరి జనం, తర్వాత సోషలిస్టు వ్యవసాయ సంస్థ దాన్ని నడిపించారు, ఆ సంస్థల కాలం అయిపోయాక హంగరీ ప్రభుత్వ ఫండింగ్ వచ్చి ఆదుకుంది. 2019లో మొదటిసారి సూపర్‌లీగాకి, అంటే సెర్బియా టాప్ డివిజన్‌కి ఎక్కి నాలుగేళ్ళలో రెండో స్థానానికి వచ్చింది. ఎదుగుదల నిజమే, ఆటా నిజమే, కానీ ఆ ఎదుగుదల ఒక దేశపు రాజకీయ లెక్కల మీద నిలబడి ఉంది, రిస్కు కూడా అక్కడే ఉంది.

ముందు ఊరి సంగతి

బాచ్కా తోపోలా ఉన్నది వోయ్వోదినా ప్రాంతంలో, నోవీ సాద్ నుంచి సుబోతిత్సా వెళ్ళే దారిలో. చుట్టూ చదును భూమి, గోధుమ, మొక్కజొన్న. ఊళ్ళో ఎక్కువమంది మాట్లాడేది హంగేరియన్, వాళ్ళు ఊరిని తోపోల్యా అంటారు. వాళ్ళెవరూ వలస వచ్చినోళ్ళు కాదు, తరాలుగా అక్కడే ఉన్నారు, కదిలింది సరిహద్దే. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆ ఊరు హంగరీలో ఉండేది, 1918 చివర్లో సెర్బులు, క్రొయేట్లు, స్లొవీనుల కొత్త రాజ్యంలో కలిసింది, 1920 జూన్‌లో ట్రియనాన్ ఒప్పందం ఆ గీతని ఖాయం చేసింది. 1941లో హంగరీ సైన్యం మళ్ళీ వచ్చింది, 1944లో పోయింది. తర్వాత టీటో యుగోస్లావియా, అది విరిగాక మిగిలిన చిన్న యుగోస్లావియా, ఆఖరికి సెర్బియా. ఆ ఊళ్ళో 1913లో పుట్టి 95 ఏళ్ళు బతికిన మనిషి ఉంటే ఇల్లు కదలకుండానే ఇన్ని దేశాల పౌరుడయ్యేవాడు.

క్లబ్ పుట్టింది కూడా ఆ 1913లోనే, తోపోల్యా స్పోర్ట్ క్లబ్ అని హంగేరియన్ పేరుతో, ఇప్పటి టిఎస్‌సి అనే మూడక్షరాలు దాని పొట్టి రూపమే. ఈ చుట్టుపక్కల ఫుట్‌బాల్ చాలా పాతది, సుబోతిత్సాలో బాచ్కా క్లబ్ 1901లోనే మొదలైంది, అంటే ఆ సరదా బెల్‌గ్రేడ్ నుంచి రాలేదు, బుడాపెస్ట్, వియన్నా వైపు నుంచి రైలు పట్టాల వెంట దిగింది. నోవీ సాద్‌లో వోయ్వోదినా క్లబ్ 1914లో పుట్టింది, అయితే దాన్ని పెట్టింది సెర్బ్ కుర్రాళ్ళు. ఒకే ప్రాంతంలో ఏడాది తేడాతో రెండు క్లబ్బులు, ఒకటి హంగేరియన్ పేరుతో, ఇంకోటి సెర్బుల ఆత్మగౌరవం కోసం. వాటి దారులు తర్వాత ఎలా విడిపోయాయో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

క్లబ్ పేరు చూస్తే డబ్బు ఎవరిదో తెలిసిపోద్ది

యుగోస్లావియాలో క్లబ్ పేర్లు చదవడం ఒక తమాషా. రద్నిచ్కి అంటే కార్మికులది, రుదార్ అంటే గని కార్మికులది, జెలెజ్నిచార్ అంటే రైల్వే వాళ్ళది, మెతలాత్స్ అంటే లోహం పని వాళ్ళది. ఇప్పుడు జెర్సీ మీద స్పాన్సర్ పేరు ఉంటే అప్పుడు క్లబ్ పేరే స్పాన్సర్ పేరు. ఫ్యాక్టరీలు కార్మికుల స్వయం నిర్వహణలో ఉండేవి కాబట్టి ఊరి ఫ్యాక్టరీ తన ఆదాయంలోంచి కొంత టీమ్‌కి ఇచ్చేది, కొన్నిచోట్ల ఆటగాళ్ళు పేరుకి ఫ్యాక్టరీ ఉద్యోగులుగా ఉండి జీతం అక్కడే తీసుకునేవాళ్ళు. లాభనష్టాల గోల లేదు, ఫ్యాక్టరీ నడిస్తే టీమ్ నడిచేది.

తోపోలాలో అంత ఫ్యాక్టరీ లేదు, ఉన్నది భూమి. కాబట్టి యుద్ధం తర్వాత పేర్లు మారుతూ మారుతూ వచ్చి ఆ క్లబ్ ఎఐకె బాచ్కా తోపోలా అయింది. ఎఐకె అంటే వ్యవసాయ-పారిశ్రామిక కంబినాట్, పొలాలు, గోదాములు, ప్రాసెసింగ్ యూనిట్లు అన్నీ ఒకే గొడుగు కిందున్న పెద్ద సంస్థ అన్నమాట. ఆ పేరుతో క్లబ్ కింది డివిజన్లలోనే ఉండిపోయింది, చుట్టుపక్కల జిల్లా దాటితే దాని పేరు తెలిసినవాళ్ళు తక్కువ.

కానీ ఆ తెలియని క్లబ్బు నుంచే ఇద్దరు బయటికి వచ్చారు. ఒకరు నికోలా జిగిచ్, 1980లో అదే ఊళ్ళో పుట్టాడు, ఎత్తు 2 మీటర్లు దాటి ఉంటుంది, 90ల చివర్లో ఎఐకె కి గోల్స్ మీద గోల్స్ కొట్టి తర్వాత రెడ్‌స్టార్, వాలెన్సియా మీదుగా ఇంగ్లండ్ వెళ్ళి 2011 లీగ్ కప్ ఫైనల్లో బర్మింగ్‌హామ్ తరఫున ఆర్సెనల్ మీద గోల్ కొట్టాడు. రెండో అతను దుషాన్ తాదిచ్, 1988లో పుట్టాడు, ఎఐకె లోనే బూట్లు కట్టుకున్నాడు, 13 ఏళ్ళకే నోవీ సాద్‌కి వెళ్ళిపోయాడు. సౌతాంప్టన్, అయాక్స్, సెర్బియా కెప్టెన్సీ అన్నీ తర్వాత సంగతి.

మామూలుగా ఇలాంటి ఊరికి ఇంతటి ఆటగాళ్ళు ఉండటాన్ని గొప్పగా చెప్తారు, కానీ క్లబ్ లెక్కలో చూస్తే అది నష్టం కథ. పిల్లాడు 13 ఏళ్ళకి పెద్ద అకాడమీకి పోతే చిన్న క్లబ్‌కి దాదాపు ఏమీ మిగలదు, పాతికేళ్ళకి అతని మీద వచ్చే కోట్లన్నీ వేరేవాళ్ళకి పోతాయి. టాలెంట్ ఉన్నా దాన్ని నాలుగేళ్ళు ఎక్కువ పట్టి ఉంచుకునే స్తోమత లేకపోవడం, ఊరి క్లబ్బుల అసలు జబ్బు ఇదే, సెర్బియాలోనే కాదు.

బెల్‌గ్రేడ్ బయట ఎందుకు ఎవరూ నిలబడలేకపోయారు

వోయ్వోదినా క్లబ్ 1966లో యుగోస్లావియా ఛాంపియన్ అయింది, మరుసటి ఏడు యూరోపియన్ కప్‌లో (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) అట్లెటికో మాడ్రిడ్‌ని బయటికి పంపి క్వార్టర్ ఫైనల్లో స్కాట్లండ్ టీమ్ సెల్టిక్‌ని సొంత గ్రౌండ్‌లో 1-0తో ఓడించింది, గ్లాస్గోలో ఆఖరి నిమిషంలో హెడర్ పడి 0-2తో ఓడిపోయింది, ఆ సెల్టిక్కే ఆ ఏడు కప్పు కొట్టింది. 1989లో వోయ్వోదినా మళ్ళీ ఛాంపియన్. కోచ్ లూప్కో పెత్రోవిచ్, టీమ్‌లో కుర్రాడు సినిషా మిహాయ్లోవిచ్. రెండేళ్ళు తిరక్కుండానే ఇద్దరూ రెడ్‌స్టార్‌లో ఉన్నారు, 1991లో యూరోపియన్ కప్ గెలిచారు కూడా. అప్పటి నుంచి ఇప్పటిదాకా సెర్బియాలో బెల్‌గ్రేడ్ బయటి క్లబ్ ఏదీ లీగ్ టైటిల్ గెలవలేదు.

ఎందుకంటే 90లలో ఒకేసారి చాలా జరిగాయి. దేశం విరిగి లీగ్ చిన్నదైంది, 1992 మే నుంచి ఐక్యరాజ్య సమితి ఆంక్షలు, యూరప్ టోర్నీల నుంచి బహిష్కరణ, 1993లో డబ్బు కాగితం విలువ కూడా చెయ్యని ద్రవ్యోల్బణం. ఫ్యాక్టరీలు ఆగితే ఫ్యాక్టరీ క్లబ్బులూ ఆగాయి. రెడ్‌స్టార్‌కీ పార్టిజాన్‌కీ దేశమంతా అభిమానులున్నారు, అధికారంలో ఉన్నవాళ్ళతో సంబంధాలున్నాయి, ఆటగాళ్ళని అమ్ముకునే మార్కెట్ ఉంది, కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాయి. 2000 తర్వాత ప్రైవేటీకరణ వచ్చింది గానీ అది ఫ్యాక్టరీలకి, క్లబ్బులకి కాదు. సెర్బియా క్లబ్బుల్లో చాలావాటికి ఇప్పటికీ యజమాని అంటూ ఎవరూ లేరు, చట్టం ప్రకారం అవి పౌరుల సంఘాలు. ఖర్చులు మున్సిపాలిటీ నుంచి, ప్రభుత్వ కంపెనీల స్పాన్సర్‌షిప్ నుంచి, ఆటగాళ్ళ అమ్మకాల నుంచి వస్తాయి. అంటే డబ్బు కావాలంటే పార్టీ ఆఫీసు గుమ్మం తొక్కాల్సిందే.

ఒక్క దాత మీద ఆధారపడితే ఏమవుతుందో స్మెదెరెవో చూపించింది. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీ టీమ్ సార్తిద్ 2003లో ఫైనల్లో రెడ్‌స్టార్‌ని ఓడించి కప్పు కొట్టింది. అదే ఏడు ఫ్యాక్టరీని అమెరికా కంపెనీ యుఎస్ స్టీల్ కొన్నది, క్లబ్ పేరు స్మెదెరెవో అయింది. 2012 జనవరిలో ఆ కంపెనీ ఫ్యాక్టరీని ఒక్క డాలరుకి సెర్బియా ప్రభుత్వానికి తిరిగిచ్చేసి వెళ్ళిపోయింది, 2013 కల్లా క్లబ్ టాప్ డివిజన్ నుంచి కిందికి జారింది. ఈ ఉదాహరణని పక్కన పెట్టుకుని చూస్తేనే తోపోలా సంగతి అర్థమయ్యేది.

బుడాపెస్ట్ నుంచి డబ్బు ఎందుకు వచ్చింది

2010లో విక్టర్ ఓర్బాన్ రెండోసారి హంగరీ ప్రధాని అయ్యాడు. కుర్రతనంలో క్లబ్ స్థాయిలో ఫుట్‌బాల్ ఆడిన మనిషి, పిచ్చి ఎంతంటే రెండు వేల మంది కూడా లేని ఫెల్చూత్ గ్రామంలో, తను పెరిగిన చోట, 2014లో మూడు వేల ఎనిమిది వందల దాకా సీట్లున్న స్టేడియం లేచింది. కంపెనీలు టీమ్‌లకి విరాళమిస్తే ఆ మేరకు పన్ను తగ్గే పథకం 2011లో తెచ్చారు, దాంతో హంగరీ లోపల ఫుట్‌బాల్ మీద డబ్బు వరదలా పారింది.

సరిహద్దు అవతల కథకి ఇంకో చట్టం కారణం. పొరుగు దేశాల్లో ఉన్న హంగేరియన్లకి అక్కడే ఉండి హంగరీ పౌరసత్వం తీసుకునే సౌకర్యం 2011 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, వాళ్ళకి పోస్టు ద్వారా ఓటు కూడా ఉంది. 2014, 2018 ఎన్నికల్లో అలా వచ్చిన పోస్టల్ ఓట్లలో 95 శాతం పైగా ఓర్బాన్ పార్టీ ఫిదెస్‌కే పడ్డాయి. ఓటు ఉన్నచోటికి నిధులు వెళ్ళడం మనకి కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు. సుబోతిత్సా కేంద్రంగా ప్రోస్పెరితాతి అనే ఫౌండేషన్ ద్వారా రైతులకి, చిన్న వ్యాపారాలకి హంగరీ గ్రాంట్లు వచ్చాయి, స్కూళ్ళకీ పత్రికలకీ సాయం వచ్చింది, అదే దారిలో ఫుట్‌బాల్ అకాడమీలకీ వచ్చింది. హంగరీ ఫుట్‌బాల్ సమాఖ్య అండతో హంగేరియన్లు ఉండే పొరుగు ఊళ్ళలో అకాడమీలు కట్టించే కార్యక్రమంలో సెర్బియా వైపు ఎంచుకున్న ఊరు తోపోలా.

అయితే ఓటు ఒక్కటే కారణం అంటే అన్యాయమవుతుంది. సెర్బియాలో హంగేరియన్ల సంఖ్య 2011 జనాభా లెక్కల్లో 2,53,899, అది 2022కి 1,84,442 అయింది. పదకొండేళ్ళలో దాదాపు 70 వేలు తగ్గారు. వయసు మీదపడటం, పుట్టుకలు తగ్గడం ఒక పక్కన ఉంటే, ఇంకో పక్కన ఆ హంగరీ పాస్‌పోర్టే ఉంది, అది చేతిలో ఉంటే యూరోపియన్ యూనియన్‌లో ఎక్కడైనా పని చేసుకోవచ్చు. మనుషుల్ని తమవాళ్ళుగా నిలుపుకోవడానికి ఇచ్చిన కాగితమే వాళ్ళు ఊరొదిలి పోవడానికి తలుపు తీసింది. కాబట్టి ఊళ్ళోనే ఏదో ఒక గర్వకారణం, పిల్లలకి ఒక చోటు ఉండాలన్న ఆలోచన కూడా ఆ అకాడమీ వెనక ఉంది.

సెర్బియా దీన్ని అడ్డుకోలేదు. ఓర్బాన్, సెర్బియా అధ్యక్షుడు వుచిచ్ మధ్య అప్పట్లో స్నేహం బాగా గట్టిది, వోయ్వోదినా హంగేరియన్ల ప్రధాన పార్టీ బెల్‌గ్రేడ్‌లో వుచిచ్ కూటమిలో భాగస్వామి. స్లొవాకియాలో ఇదే వ్యవహారం ఇంత సాఫీగా లేదు, దునాయ్‌స్కా స్త్రెదాలో 2008లో హంగేరియన్ టీమ్ డిఎసి, బ్రాటిస్లావా టీమ్ స్లొవాన్ మ్యాచ్ జరుగుతుంటే గ్యాలరీలో పోలీసులు దిగి జనాన్ని చితకబాదితే అది రెండు దేశాల మధ్య దౌత్య గొడవ దాకా వెళ్ళింది.

గ్రౌండ్‌లో జరిగింది

డబ్బు వచ్చాక క్లబ్ పాత పేరు తోపోల్యా స్పోర్ట్ క్లబ్‌తోనే నడిచింది. 2018-19లో రెండో డివిజన్ గెలిచి మొదటిసారి సూపర్‌లీగాకి వచ్చింది, స్టేడియం కడుతున్నంత కాలం పొరుగు ఊరు సెంటాలో ఆడుకుంది. మొదటి సీజన్‌లోనే నాలుగో స్థానం, దాంతో 2020లో యూరోపా లీగ్ క్వాలిఫయర్లు, అక్కడ రొమేనియా క్లబ్ ఎఫ్‌సిఎస్‌బి తో ఒకే ఒక్క మ్యాచ్, ఎక్స్‌ట్రా టైమ్ అయ్యేసరికి స్కోరు 6-6, పెనాల్టీల్లో ఓటమి. ఆ స్కోరు తప్పుగా టైప్ అయిందేమో అనిపిస్తుంది గానీ నిజమే. 2021లో 4,500 సీట్ల కొత్త స్టేడియం తెరుచుకుంది.

2022-23లో కోచ్ జార్కో లజెతిచ్ కింద రెండో స్థానం. రెడ్‌స్టార్ ఒక్క మ్యాచ్ కూడా ఓడని సీజన్ అది, కాబట్టి టైటిల్ మాటే లేదు, అసలు వార్త పార్టిజాన్ నాలుగో స్థానానికి పడిపోవడం. మొదటి రెండు స్థానాల్లో బెల్‌గ్రేడ్ బయటి క్లబ్ కనిపించడం 2009లో వోయ్వోదినా తర్వాత అదే మొదలు.

ఇక్కడ చాలామందికి కన్ఫ్యూజన్ ఉన్న పాయింట్ ఒకటుంది, టిఎస్‌సి ఎవర్ని ఓడించి యూరోపా లీగ్ గ్రూపులకి వెళ్ళింది అని. ఎవర్నీ ఓడించలేదు! సెర్బియాకి యూరప్ ర్యాంకింగ్ బాగుండటంతో రెండో స్థానం టీమ్‌కి ఛాంపియన్స్ లీగ్ మూడో క్వాలిఫయింగ్ రౌండ్ దొరికింది, ఆ దారిలో ఆ రౌండ్ ఓడినవాళ్ళని అప్పట్లో నేరుగా యూరోపా లీగ్ గ్రూపుల్లో వేసేవాళ్ళు. పోర్చుగల్ క్లబ్ బ్రాగా చేతిలో రెండు లెగ్‌లూ ఓడిపోయి గ్రూపులోకి వచ్చేసింది. ఇంకో విచిత్రం, ఆ ర్యాంకింగ్ పాయింట్లు చాలావరకు ఏళ్ళ తరబడి రెడ్‌స్టార్, పార్టిజాన్ సంపాదించి పెట్టినవే, అంటే ఊరి టీమ్‌కి తలుపు తీసింది కూడా బెల్‌గ్రేడ్ పెద్దోళ్ళే.

గ్రూపులో వెస్ట్‌హామ్, జర్మనీ నుంచి ఫ్రైబుర్గ్, గ్రీసు నుంచి ఒలింపియాకోస్. ఆరు మ్యాచ్‌లకి వచ్చింది ఒక్క పాయింట్, ఒలింపియాకోస్‌తో సొంతూళ్ళో 2-2. ఆ ఒలింపియాకోస్ మరుసటి మే నెలలో కాన్ఫరెన్స్ లీగ్ కప్పు కొట్టింది. పాయింట్లు పక్కన పెడితే గ్రూపులో అడుగు పెట్టినందుకే అప్పట్లో ఒక్కో క్లబ్‌కి యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఎఫా ఇచ్చింది 36.3 లక్షల యూరోలు, డ్రాకి ఇంకో 2.1 లక్షలు. అదే వేసవిలో స్ట్రైకర్ పేతర్ రత్కోవ్‌ని ఆస్ట్రియా క్లబ్ సాల్జ్‌బుర్గ్‌కి అమ్మారు. అంటే జిగిచ్, తాదిచ్ కాలంలో కుదరని పని, కుర్రాణ్ణి పట్టి ఉంచి టాప్ లీగ్‌లో ఆడించి మంచి రేటుకి అమ్మడం, ఇప్పుడు కుదిరింది. 2023-24లో లీగ్‌లో మూడో స్థానం, 2024-25లో కాన్ఫరెన్స్ లీగ్ నాకౌట్ ప్లేఆఫ్ దాకా వెళ్ళి పోలండ్ టీమ్ యాగెలోన్యా చేతిలో ఓటమి.

ఒక విమర్శ తరచూ వినిపిస్తుంది, హంగేరియన్ల డబ్బుతో నడిచే టీమ్‌లో ఆడేది ఎక్కువగా సెర్బులే, కోచూ సెర్బే అని. మాట నిజమే. కానీ రెండు లక్షల లోపు జనం నుంచి, అందులోనూ ముసలివాళ్ళే ఎక్కువవుతున్న జనం నుంచి, టాప్ డివిజన్ టీమ్‌కి సరిపడా ఆటగాళ్ళు రావడం ఎక్కడా జరగదు. ఇప్పటివరకు ఫలితం ఇచ్చింది సీనియర్ టీమ్, అకాడమీ ఫలితం రావడానికి ఇంకా టైమ్ పడుతుంది, ఆ రెంటినీ కలిపి ఒకే విజయంగా చెప్పడం మాత్రం కరెక్ట్ కాదు.

ఇదే డబ్బు వేరే చోట్ల

స్లొవాకియాలో డిఎసికి స్థానికంగా బలమైన యజమాని ఉన్నాడు, అతను నూనె-గ్యాస్ కంపెనీ పెద్ద, అభిమానులు కూడా వేలల్లో వస్తారు, కాబట్టి రెండో స్థానం దాకా పోటీ పడుతూ నిలకడగా ఉంది. రొమేనియాలో సెప్సి 2011లో సున్నా నుంచి మొదలై 2022, 2023లో వరసగా రొమేనియా కప్ గెలిచింది, రెండేళ్ళు తిరిగేసరికి 2025లో టాప్ డివిజన్ నుంచి పడిపోయింది. ఒకే రకం సహాయం, రెండు రకాల ఫలితం. తేడా ఎక్కడంటే బుడాపెస్ట్ డబ్బు కాక రెండో ఆదాయం ఏముంది అన్న దగ్గర.

టిఎస్‌సి ఈ రెంటికీ మధ్యలో ఉంది. 4,500 సీట్లు ప్రతి మ్యాచ్‌కీ నిండినా టికెట్ల మీద టాప్ డివిజన్ టీమ్ నడవదు. టీవీ హక్కుల డబ్బు సెర్బియాలో చాలా తక్కువ. మిగిలింది యూరప్ ప్రైజ్ మనీ, ఆటగాళ్ళ అమ్మకాలు, రెండూ ఏడాదికో రకంగా ఉంటాయి. స్మెదెరెవోకి ఫ్యాక్టరీ ఎలాగో టిఎస్‌సికి హంగరీ ప్రభుత్వం అలాగ, కాకపోతే ఫ్యాక్టరీ పోతే ఏమీ మిగల్లేదు, ఇక్కడ కనీసం స్టేడియం, గ్రౌండ్లు, హాస్టల్ మిగులుతాయి. వాటి కరెంటు బిల్లు, గడ్డి ఖర్చు, కోచ్‌ల జీతాలు ఎవరు కడతారన్నది బుడాపెస్ట్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా మళ్ళీ లేచే ప్రశ్న.

ఊరి లెక్క కూడా ఒకటుంది. బాచ్కా తోపోలాలో 2011లో 14,573 మంది ఉండేవాళ్ళు, 2022కి పన్నెండు వేల దగ్గరికి దిగారు. తాదిచ్ చిన్నప్పుడు పిల్లలున్నారు, అకాడమీ లేదు. ఇప్పుడు ఫ్లడ్‌లైట్లతో సహా అన్నీ ఉన్నాయి, పొద్దున ట్రయల్స్‌కి వచ్చే పిల్లల కోసం కోచ్‌లు పక్క జిల్లాల వైపు చూస్తున్నారు.